నేవీ డేకి ఒక కుర్ర ఆఫీసరు కావాలి, మా పిల్లకి ప్రసంగం ఉంది

నాగావళి మాస్టారు | నవంబరు 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గార వైపు సముద్రం ఒడ్డు ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. డిసెంబరు 4 నేవీ డేకి మండల స్థాయి వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం: యుద్ధంలో సాహస పతకం అందుకున్న యువ నౌకాదళ అధికారి. నాలుగు నిమిషాలు మాట్లాడాలి, కాగితం చూడకూడదు.

మా స్కూలు నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయిని పంపిస్తున్నాను. గొంతు బాగుంటుంది, స్టేజి భయం లేదు. వాళ్ళ నాన్న గుజరాత్‌లో వెరావల్ వెళ్ళి బోటు మీద కలాసీగా చేస్తాడు. మా ఊళ్ళో సగం ఇళ్ళ సంగతి అంతే కదా.

ఫోన్‌లో వెతికితే ఎక్కడ చూసినా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారి పేరే వస్తోంది. ఖుక్రీ అనే మన యుద్ధనౌకతో పాటు మునిగిపోయిన మహానుభావుడు, మహావీర చక్ర. కానీ ఆయన 1926లో పుట్టారు. 1971కి 45 ఏళ్ళు. ‘యువ’ అని అంశంలోనే రాసిపెట్టారు మరి. పైగా మిగతా స్కూళ్ళ పిల్లలందరూ ఆయన గురించే బట్టీపట్టి వస్తారని నా భయం. నేవీ గురించి తెలిసినవాళ్ళు ఇంకో పేరు చెప్పగలరా? విశాఖతో సంబంధం ఉంటే ఇంకా మంచిది, పిల్లకి బీచ్‌లో సబ్‌మెరైన్ చూసిన గుర్తుంది.

పలాస జీడిపప్పు | నవంబరు 18, రాత్రి 9:52

ముల్లా గారినే పెట్టేయండి మాస్టారూ. ఆయన వయసు జడ్జీలకి ఎవరికి తెలుసు.

కోరుకొండ పాతకాపు | నవంబరు 18, రాత్రి 10:30

నేను సైనిక్ స్కూల్లో చదివాను (1962లో విజయనగరం రాజుల కోరుకొండ ప్యాలెస్‌లో పెట్టారు, మా డార్మిటరీ గోడ మందం చూస్తే ఫిరంగి గుండు కూడా దూరదు). నేవీకి వెళ్దామనుకుని కంటిచూపు పరీక్షలో పోయినవాణ్ణి. అందుకే ఈ విషయాలు చదువుతూ కూర్చుంటాను.

అసలు డిసెంబరు 4 నేవీ డే ఎందుకు అయిందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. 1971 డిసెంబరు 4 రాత్రి మూడు చిన్న క్షిపణి బోట్లు కరాచీ మీదికి వెళ్ళాయి. నిపాత్, నిర్ఘాత్, వీర్. తోడుగా కిల్తాన్, కచ్ఛల్ అనే రెండు పెద్ద ఓడలు. క్షిపణి బోట్ల కెప్టెన్లు ముగ్గురూ లెఫ్టినెంట్ కమాండర్లే: కవీనా, ఇందర్‌జిత్ శర్మ, ఓం ప్రకాశ్ మెహతా. ముగ్గురికీ వీర చక్ర. స్క్వాడ్రన్ నాయకుడు కమాండర్ బబ్రూ భాన్ యాదవ్‌కి మహావీర చక్ర. నిర్ఘాత్ వేసిన రెండు క్షిపణులకి పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ మునిగిపోయింది. మనవైపు ఒక్కరు కూడా చనిపోలేదు.

పిల్లలకి నచ్చే సంగతి ఒకటి ఉంది. ఆ బోట్లు సోవియట్ యూనియన్ నుంచి వచ్చినవి, వీళ్ళు అక్కడికి వెళ్ళి రష్యన్ నేర్చుకుని శిక్షణ పొంది వచ్చారు. దాడి రాత్రి వైర్‌లెస్‌లో ఒకరితో ఒకరు రష్యన్‌లోనే మాట్లాడుకున్నారు, వినేవాడికి అర్థం కాకుండా. ఆ బోటుకి నాలుగు క్షిపణులుంటాయి గానీ కడుపు చిన్నది, ఎక్కువ దూరం ఇంధనం చాలదు. అందుకే వాటిని పెద్ద ఓడలకి కట్టి కొంత దూరం లాక్కెళ్ళేవారు. మన దగ్గర ఇంజన్ చెడిన బోటుని ఇంకో బోటు తాడేసి లాక్కొస్తుంది చూడండి, అలాగ.

గంటస్తంభం | నవంబరు 18, రాత్రి 10:41

కిల్తాన్ కెప్టెన్ గోపాలరావు గారు కదా, మహావీర చక్ర. రావు అంటే మనవాడే. ఆయన గురించి చెప్పించండి, తెలుగువాడి గురించి చెప్పినట్టూ ఉంటుంది.

కోరుకొండ పాతకాపు | నవంబరు 18, రాత్రి 10:48

అన్నా, ఆయన పూర్తి పేరు కాసరగోడ్ పట్నశెట్టి గోపాలరావు. ఇంటిపేరులోనే ఊరుంది. రావులు మనకొక్కరికే ఉన్నారా? కొంకణంలో ఉన్నారు, కన్నడంలో ఉన్నారు, మరాఠీలో అయితే లెక్కలేదు. పిల్ల స్టేజి మీద ‘మన తెలుగు బిడ్డ’ అంటే తెలిసినవాడొకడు లేచి నిలబడతాడు.

గంటస్తంభం | నవంబరు 18, రాత్రి 10:50

సరే సరే. నోరు జారాను.

మూడు లాంతర్లు | నవంబరు 19, ఉదయం 6:15

విశాఖ సంబంధం కావాలి, కుర్రవాడు కావాలి అంటున్నారు. రెండూ ఒకే మనిషిలో దొరుకుతాయి మాస్టారూ. వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్.

‘అడ్మిరల్ కుర్రవాడేమిటి’ అనకండి. పదో తరగతి పిల్లలకి ఢాకా లొంగుబాటు ఫోటో చూపిస్తాం కదా, 1971 డిసెంబరు 16, పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం పెడుతుంటే పక్కన మన జనరల్ అరోరా కూర్చుని ఉంటారు. వాళ్ళ వెనక నిలబడినవాళ్ళలో నేవీ యూనిఫాంలో ఉన్నాయన ఈయనే. అప్పటికి తూర్పు నౌకాదళానికి అధిపతి, ఉండేది విశాఖలో. కానీ ఆయన చొక్కా మీద మొదటి పతకం దానికి ముప్ఫై ఏళ్ళ ముందుది. 1919లో నాగర్‌కోయిల్లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, పర్షియన్ గల్ఫ్‌లో చూపిన సాహసానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. అప్పుడు ఆయనకి 22 ఏళ్ళు. అంటే డిగ్రీ అయిపోయి గ్రూప్స్ కోచింగ్‌కి ఫీజు కట్టే వయసు.

ఆ కుర్రవాడే ముప్ఫై ఏళ్ళ తరవాత ఘాజీని విశాఖకి రప్పించాడు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీలో బయల్దేరింది, మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళి దాక్కుంది. దాని బాయిలర్లలో ఒకటి పగిలి ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. కృష్ణన్ ఏం చేశాడంటే, రాజ్‌పుత్ అనే ముసలి ఓడని, రేపోమాపో సర్వీసు నుంచి తీసేయాల్సినదాన్ని, విక్రాంత్‌లా నటించమన్నాడు. వైర్‌లెస్‌లో విక్రాంత్ మాట్లాడినట్టు గోలగోలగా సందేశాలు పంపించాడు. విశాఖలో కాంట్రాక్టర్ల దగ్గర మాంసం, కూరగాయలు పెద్ద ఓడకి సరిపడా ఆర్డరు పెట్టించాడు. బజార్లో మాట పడితే అది ఎక్కడికి చేరాలో అక్కడికి చేరుతుందని ఆయనకి తెలుసు. మా విజయనగరం గంటస్తంభం దగ్గర అయితే అర్ధగంట చాలు.

గంటస్తంభం | నవంబరు 19, ఉదయం 7:02

నన్నెందుకు లాగుతారు మాస్టారూ.

ఉద్దానం కొబ్బరి | నవంబరు 19, ఉదయం 8:20

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. 1941లో ఇచ్చినది ఎవరు? బ్రిటిష్ వాళ్ళు. ఎవరి కోసం పోరాడినందుకు? బ్రిటిష్ వాళ్ళ చమురు కోసం. ఆ మర్నాటి ఏడాదే మనవాళ్ళు క్విట్ ఇండియా అని జైళ్ళకి వెళ్ళారు. ఆ పతకం గురించి మన పిల్లతో గొప్పగా చెప్పించడం నాకెందుకో మింగుడుపడటం లేదు.

మూడు లాంతర్లు | నవంబరు 19, ఉదయం 9:05

ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా తాతగారు విజయనగరంలో ఉండేవారు. విశాఖ నుంచి జనం మూటాముల్లె సర్దుకుని బండ్లమీద ఇటు వచ్చేశారని చెప్పేవారు. ఆ బాంబులు బ్రిటిష్ వాడి మీద మాత్రమే పడలేదు. ఆ రోజు మన సముద్రాన్ని కాసింది కూడా ఆ రాయల్ ఇండియన్ నేవీ కుర్రాళ్ళే. అదే నేవీలో తిండి బాగోలేదని, తెల్ల ఆఫీసర్ల అవమానాలు పడలేమని 1946 ఫిబ్రవరిలో తిరుగుబాటు చేసిందీ వాళ్ళే. మనిషి ధైర్యం ఒకటి, జీతం ఇచ్చేవాడు ఒకడు.

ఉద్దానం కొబ్బరి | నవంబరు 19, ఉదయం 9:30

ధైర్యాన్ని నేను కాదనలేదండి. నాలుగు నిమిషాల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఇదంతా విప్పి చెప్పగలదా అని. చెప్పలేకపోతే ‘బ్రిటిష్ పతకం’ అన్న ఒక్క మాటే మిగులుతుంది.

బొబ్బిలి వీణ | నవంబరు 19, మధ్యాహ్నం 1:10

ఘాజీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1971లో మా నాన్నగారు విశాఖలో రైల్వే ఉద్యోగం చేసేవారు. నేను అప్పటికి పుట్టలేదు, ఆయన చెప్పినదే. సాయంత్రం అయ్యేసరికి వీధి దీపాలు ఉండేవి కావట. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించేవారు. స్కూటర్ హెడ్‌లైట్‌కి సగం నల్లరంగు పూసుకునేవారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఒక్కసారిగా పెద్ద మోత, అద్దాలు గడగడలాడాయి. బాంబు పడిందనుకుని మా నానమ్మ మంచం కిందకి దూరింది, పక్కన పడుకున్న బాబాయిని మాత్రం మంచం మీదే వదిలేసింది. ఆ సంగతి మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ వస్తుంది, బాబాయి ఇప్పటికీ ఆవిణ్ణి క్షమించలేదు (ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది).

తెల్లారాక మత్స్యకారులు సముద్రంలో తేలుతున్న వస్తువులు తెచ్చి నేవీ వాళ్ళకి ఇచ్చారట. అప్పుడు తెలిసింది మునిగింది జలాంతర్గామి అని.

పలాస జీడిపప్పు | నవంబరు 19, మధ్యాహ్నం 1:25

ఘాజీని రాజ్‌పుత్ ముంచలేదండీ, అది నీళ్ళలో పెట్టిన మైన్లే (పేలుడు గుండ్లు) దాని కింద పేలాయి. అన్నీ మనవాళ్ళు చెప్పుకునే కథలు.

కోరుకొండ పాతకాపు | నవంబరు 19, మధ్యాహ్నం 2:00

కథలు అని కొట్టిపారేయకు తమ్ముడూ. రాజ్‌పుత్ అర్ధరాత్రి ముందు రేవు దాటింది, నీళ్ళలో అలజడి కనిపించి డెప్త్ ఛార్జీలు (నీళ్ళలోపల పేలే బాంబులు) వేసింది, కాసేపటికి ఆ పేలుడు వినిపించింది. ఇది మన నేవీ మాట. తన మైనే తగిలిందనో, లోపలే పేలుడు జరిగిందనో పాకిస్తాన్ మాట. ఎవరి మాట నిజమైనా అందులో ఉన్న తొంభైమందికి పైగా సముద్రం అడుగునే ఉన్నారు. రాజ్‌పుత్ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌కి వీర చక్ర ఇచ్చారు. ఎదురుగా ఏముందో తెలియని చీకట్లోకి ముసలి ఓడని ఎరగా తీసుకెళ్ళినందుకైనా అది ఇవ్వదగినదే.

మోడరేటర్ | నవంబరు 19, మధ్యాహ్నం 3:15

ఘాజీ మీద తొమ్మిది పోస్టులు వేరే దారానికి మార్చాను. ఇక్కడ మాస్టారి ప్రశ్నకి జవాబులు మాత్రమే. దేశభక్తి సర్టిఫికెట్లు ఇచ్చిపుచ్చుకోవడం ఆపండి.

నాగావళి మాస్టారు | నవంబరు 20, రాత్రి 8:30

ఇంత సాయం చేస్తారని అనుకోలేదు. కృష్ణన్ గారి గురించి, క్షిపణి బోట్ల గురించి ఈ రోజు పిల్లకి చెప్పాను. శ్రద్ధగా విన్నది. ఆఖర్న ఒక ప్రశ్న వేసింది, నాకు జవాబు తెలియక ఇక్కడికి తెచ్చాను. దాని మాటల్లోనే రాస్తున్నాను:

“సార్, మెడల్ సరంగుకేనా? కలాసీకి ఇవ్వరా?”

తెలియనివాళ్ళకి: మా వైపు బోటు నడిపేవాడు సరంగు, మిగతా పనివాళ్ళు కలాసీలు. వేటకి వెళ్తే వాటాలో సరంగుకి ఎక్కువ, కలాసీకి తక్కువ. తుఫానులో చిక్కుకుంటే మాత్రం ఇద్దరికీ ఒకటే సముద్రం.

బొబ్బిలి వీణ | నవంబరు 20, రాత్రి 8:44

ఈ పిల్లని నాకు చూడాలని ఉంది.

కోరుకొండ పాతకాపు | నవంబరు 20, రాత్రి 11:55

మాస్టారూ, నిన్నటి నుంచి నేను చెప్పినవన్నీ పక్కన పెట్టేయండి. ఆ అమ్మాయి ప్రశ్నకి సరిగ్గా జవాబయ్యే కథ ఒకటుంది. ఇందులో కుర్ర ఆఫీసరూ ఉన్నాడు, కలాసీ కూడా ఉన్నాడు. కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

1971లో యుద్ధం డిసెంబరులో ప్రకటించారు గానీ తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నదుల్లో అది ముందే మొదలైంది. ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవులో మాంగ్రో అనే పాకిస్తాన్ జలాంతర్గామి ఉండేది. దాంట్లోని కొందరు బెంగాలీ నావికులు వాళ్ళ దేశం మీద మార్చిలో జరిగిన ఊచకోత గురించి విని ఓడ వదిలి మనవైపు వచ్చేశారు. వాళ్ళతో మొదలుపెట్టి పశ్చిమ బెంగాల్‌లో ప్లాసీ దగ్గర భాగీరథి నది ఒడ్డున ఈతగాళ్ళకి రహస్యంగా శిక్షణ ఇచ్చారు. ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళు, రైతుబిడ్డలు. పొట్టకి మైను కట్టుకుని చీకట్లో ఈదుతూ వెళ్ళి ఓడ అడుగుకి అంటించి రావాలి. ఆగస్టు మధ్యలో ఒకే రాత్రి వేర్వేరు రేవుల్లో దాడి. ఎప్పుడు బయల్దేరాలో ఎలా తెలుస్తుంది? కలకత్తా రేడియోలో ముందే అనుకున్న పాట వస్తే సిద్ధం, రెండో పాట వస్తే దూకేయడం. ఇంట్లో రేడియో వింటున్నవాళ్ళకి అది మామూలు పాటే. ఈ పని వెనక ఉన్న నేవీ ఆఫీసరు కమాండర్ మోహన్ నారాయణ్ రావు సామంత్ (గంటస్తంభం అన్నా, ఈ రావు కూడా మనవాడు కాదు).

డిసెంబరులో అసలు యుద్ధం వచ్చాక సామంత్ నాలుగు చిన్న పడవలతో సుందర్‌బన్ కాలవల గుండా మోంగ్లా, ఖుల్నా రేవుల మీదికి వెళ్ళాడు. ఒకటి మన గన్‌బోటు పన్వెల్. పద్మ, పలాశ్ అనేవి కలకత్తా పోర్టు పడవలు, వాటికి 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు బిగించి బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడే ముక్తివాహినికి ఇచ్చారు. నాలుగోది సరిహద్దు భద్రతా దళానిది, చిత్రాంగద. పన్వెల్‌కి లెఫ్టినెంట్ కమాండర్ జోసెఫ్ పయస్ ఆల్ఫ్రెడ్ నొరోన్హా. ఈయనే మీకు కావలసిన ఆఫీసరు.

డిసెంబరు 10 ఉదయం మోంగ్లా చేజిక్కింది. అక్కడి నుంచి ఖుల్నా వైపు ఎగువకి పోతుంటే మిట్టమధ్యాహ్నం ఆకాశంలో మూడు విమానాలు. మనవే. పడవల పైభాగాన పసుపు గుర్తు పెట్టుకునే ఉన్నారు. అయినా పైనున్నవాళ్ళు శత్రు పడవలనుకుని కొట్టారు. పద్మ, పలాశ్ రెండూ పోయాయి. మనవాళ్ళ చేతిలోనే మనవాళ్ళు. నొరోన్హా పన్వెల్‌ని తప్పించి, నీళ్ళలో పడినవాళ్ళని ఎక్కించుకుని, అంతమందితో బరువెక్కిన పడవతోనే మళ్ళీ ఖుల్నా మీద కాల్పులకి దిగాడు. డిసెంబరు 8 నుంచి 11 దాకా ఆ నదిలో చేసినదానికి ఆయనకి మహావీర చక్ర వచ్చింది.

ఇప్పుడు కలాసీ సంగతి. మునిగిన పడవ మీదున్న లీడింగ్ సీమన్ చిమన్ సింగ్. ఆఫీసరు కాదు, నావికుడు. విమానాల దాడిలో గాయపడ్డాడు. నీళ్ళలో పడ్డాక తనతో ఉన్న ఇద్దరు మునిగిపోతున్నారు. ఒడ్డు నుంచి శత్రువులు కాలుస్తున్నారు. ఆ కాల్పుల్లోనే వాళ్ళిద్దరినీ ఒడ్డుకి చేర్చాడు. ఒడ్డెక్కగానే చేతిలో ఏ ఆయుధమూ లేకుండా శత్రువుల మీదకే పరిగెత్తాడు, వాళ్ళ చూపు తనమీదికి తిప్పుకోవడానికి. ఆ సందులో మిగతా ఇద్దరూ తప్పించుకున్నారు. ఇతన్ని పట్టుకున్నారు. బంగ్లాదేశ్ విముక్తి పొందాకే బయటికి వచ్చాడు. ఇతనికీ మహావీర చక్రే, కెప్టెన్‌కి ఇచ్చినదే. తక్కువ వాటా కాదు అని చెప్పండి ఆ పిల్లకి.

ఇంకొక్కటి. పలాశ్ ఇంజన్ గదిలో మహమ్మద్ రుహుల్ అమీన్ అనే బెంగాలీ ఉండేవాడు. పడవ అంటుకున్నా ఇంజన్ వదలనన్నాడు. చివరికి గాయాలతో ఒడ్డు చేరితే పాకిస్తాన్ పక్షాన ఉన్న అక్కడి రజాకార్లు చంపేశారు. బంగ్లాదేశ్ వాళ్ళ అత్యున్నత సాహస పురస్కారం బీర్ శ్రేష్ఠ ఏడుగురికే వచ్చింది. వాళ్ళ నేవీ తరఫున అందులో ఉన్నది ఈ ఇంజన్ గది మనిషి ఒక్కడే.

పలాస జీడిపప్పు | నవంబరు 21, ఉదయం 6:40

అన్నా, ఇన్నాళ్ళూ ఇది మాకెందుకు చెప్పలేదు. నేను వెటకారం చేయడం లేదు, నిజంగా.

ఉద్దానం కొబ్బరి | నవంబరు 21, ఉదయం 7:30

ఇది బాగుంది. నా అభ్యంతరాలు ఏమీ లేవు. ఒక్కటి మాత్రం: మన విమానాలే కొట్టాయన్నది స్టేజి మీద చెప్పిస్తారా, దాటేస్తారా? దాటేస్తే కథలో పస ఉండదు. చెబితే ఎవరైనా ముఖం చిట్లిస్తారేమో.

మూడు లాంతర్లు | నవంబరు 21, ఉదయం 8:10

చెప్పించండి. దాచిపెట్టాల్సిన రహస్యమేమీ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. నా కృష్ణన్ గారిని నేనే వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క వాక్యం మాత్రం ఉంచండి, తూర్పు నౌకాదళం అంతా ఆయన చేతి కింద ఉండేదని.

గంటస్తంభం | నవంబరు 21, ఉదయం 10:20

పరమవీర చక్ర వచ్చినవాళ్ళు 21 మంది అని మా అబ్బాయి జీకే పుస్తకంలో ఉంది. అందులో నేవీ నుంచి ఒక్కరూ లేరేమిటి?

కోరుకొండ పాతకాపు | నవంబరు 21, ఉదయం 11:00

లేరు. ఇరవైమంది సైన్యం, ఒకరు వైమానిక దళం, నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్. నా అభిప్రాయం చెబుతాను: నేల మీద ఒక సిపాయి బంకర్ మీదికి ఉరికితే పక్కవాడు చూస్తాడు, రాస్తాడు. సముద్రంలో ఓడ మొత్తం కలిసి ఒక దెబ్బ వేస్తుంది, కలిసి ఒక దెబ్బ తింటుంది. ఖుక్రీలో 194 మంది పోయారు, 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు. కింది అంతస్తుల్లో ఎవరు ఎవరిని పైకి తోశారో చెప్పడానికి ఎవరు మిగిలారు?

బొబ్బిలి వీణ | నవంబరు 21, ఉదయం 11:20

మన జిల్లా పేరు కూడా ఎక్కడైనా రావాలంటే, శ్రీకాకుళం మేజర్ మళ్ళ రామగోపాలనాయుడికి 2024లో కీర్తి చక్ర ప్రకటించారు కదా?

కోరుకొండ పాతకాపు | నవంబరు 21, ఉదయం 11:32

అవునమ్మా, గర్వించాల్సిందే. కానీ ఆయన సైన్యం, పైగా కీర్తి చక్ర యుద్ధంలో శత్రువుని ఎదుర్కొన్నందుకు ఇచ్చే వరసలోది కాదు. అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఒక వరస. పరమవీర, మహావీర, వీర చక్ర ఇంకో వరస. పోటీ అంశంలో ‘యుద్ధంలో’ అని ఉంది.

అలాగే గమ్మత్తయిన కుర్రాడు ఇంకొకడున్నాడు, తెలుసుకోవడానికి మాత్రమే చెబుతున్నాను. అరుణ్ ప్రకాశ్, నేవీ ఆఫీసరు. 1971లో వైమానిక దళం 20వ స్క్వాడ్రన్‌కి అప్పు మీద వెళ్ళి హంటర్ విమానం నడిపి పాకిస్తాన్ వైమానిక స్థావరాల మీద దాడులు చేశాడు. వీర చక్ర. 2004లో నేవీకే అధిపతి అయ్యారు.

వెరావల్ కలాసీ | నవంబరు 22, రాత్రి 11:48

నేను ఇక్కడ చదువుతానే గానీ ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే క్షమించండి. మాది ఎచ్చెర్ల వైపు. పదకొండేళ్ళ నుంచి వెరావల్‌లో బోటు మీద చేస్తున్నాను.

ఖుక్రీ మునిగింది మేం వేటకి వెళ్ళే నీళ్ళలోనే. డయ్యూ ఇక్కడికి దగ్గరే. ఒకసారి బోటు రిపేరుకి ఆగితే మేం ఆరుగురం బస్సెక్కి వెళ్ళాం. సముద్రం పక్కన చిన్న కొండ మీద అద్దాల గదిలో ఖుక్రీ ఓడ బొమ్మ పెట్టారు. మాతో వచ్చిన ముసలాయన చెప్పులు విప్పి దండం పెట్టాడు. ఎందుకంటే మేం ఈ నీళ్ళలో వల వేసే ముందు దండం పెట్టుకుంటాం, ఆ నీళ్ళలోనే వాళ్ళున్నారు.

2018లో మావాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయిన సంగతి మీకందరికీ తెలుసు, శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే ఎక్కువ. ఏడాది దాటాక 2020 జనవరిలో వదిలారు. అప్పటి నుంచి రాత్రి దూరంగా ఏ లైటు కనపడినా గుండె గుబుక్కుమంటుంది. చిమన్ సింగ్ కథ మా బోటులో చదివి వినిపించాను. ఒకడు అడిగాడు, పట్టుబడ్డాక అన్నం పెట్టారా అని. మాకు ముందు వచ్చే ప్రశ్న అదే.

మాస్టారూ, ఆ పాప నాన్న ఏ బోటు మీద ఉన్నాడో తెలిస్తే నాకు ప్రైవేటుగా చెప్పండి.

నాగావళి మాస్టారు | నవంబరు 23, ఉదయం 6:05

చెప్పాను, చూడండి. ధన్యవాదాలు.

నాగావళి మాస్టారు | నవంబరు 27, రాత్రి 9:15

ప్రసంగం తయారైంది. మొదటి సారి చదివితే ఆరున్నర నిమిషాలు వచ్చింది. రేడియో పాట కథ తీసేద్దామంటే పిల్ల ఒప్పుకోవడం లేదు, అదే బాగుందంటుంది. పసుపు గుర్తు తీయకూడదని నేను. ఇద్దరం కలిసి కరాచీ మొత్తం తీసేశాం. కోరుకొండ వారు మన్నించాలి.

‘మహావీర చక్ర’ అనాలా, ‘మహావీర్ చక్ర’ అనాలా? హెడ్మాస్టరు ఒకటంటారు, నేను ఒకటంటాను.

మూడు లాంతర్లు | నవంబరు 27, రాత్రి 9:31

మనం తెలుగులో మాట్లాడుతున్నాం కాబట్టి మహావీర చక్ర. నొరోన్హా పేరు మాత్రం వందసార్లు పలికించండి, స్టేజి మీద నాలుక మడతపడుతుంది.

పలాస జీడిపప్పు | డిసెంబరు 4, సాయంత్రం 5:00

మాస్టారూ ఏమైంది? పొద్దున్నుంచి పేజీ రిఫ్రెష్ చేస్తున్నాను.

నాగావళి మాస్టారు | డిసెంబరు 4, రాత్రి 8:50

ఇప్పుడే ఇంటికి చేరాను. పద్నాలుగు మంది మాట్లాడితే తొమ్మిది మంది ముల్లా గారి గురించే. మా పిల్ల పన్నెండోది. నొరోన్హా పేరు తడబడకుండా పలికింది. విమానాలు మనవే అని చెప్పినప్పుడు హాలు నిశ్శబ్దమైపోయింది. చిమన్ సింగ్ దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొట్టేశారు. ఆపలేదు. రెండో బెల్లు కూడా కొట్టారు. అయినా అతను ఒడ్డెక్కి పరిగెత్తేదాకా చెప్పి, దండం పెట్టి దిగింది.

అంశం అధికారి గురించి అయితే నావికుడి గురించి ఎక్కువ చెప్పింది, సమయం మించింది అని ఒక జడ్జీ మార్కులు తగ్గించారు. నిబంధన ప్రకారం ఆయన తప్పు కాదు. కన్సొలేషన్ బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ డబ్బా. ఏడుస్తుందేమోనని చూశాను. డబ్బాకి మూత గట్టిగా పడుతుందో లేదో చూసుకుంటోంది, నాన్న బోటుకి పట్టుకెళ్ళడానికి పనికొస్తుందట.

బొబ్బిలి వీణ | డిసెంబరు 4, రాత్రి 8:58

నాకు కళ్ళు తడిశాయి. ఇంకేమీ రాయలేను.

గంటస్తంభం | డిసెంబరు 4, రాత్రి 9:10

ఆ జడ్జీ ఎవరో చెప్పండి.

మోడరేటర్ | డిసెంబరు 4, రాత్రి 9:12

చెప్పకండి.

నాగావళి మాస్టారు | డిసెంబరు 9, రాత్రి 10:20

చివరి కబురు. ఇక్కడి వెరావల్ తమ్ముడు, పాప నాన్న బోటు రేవుకి వచ్చిన రోజు చూసి, అతన్ని డయ్యూ తీసుకెళ్ళాడు. ఈ రోజు ఖుక్రీ మునిగిన రోజు కూడా. అతని ఫోన్‌తోనే అద్దాల గదిలోని ఓడని ఫోటో తీసి పాపకి పంపించాడు. ఓడ సరిగ్గా పడలేదు. అద్దంలో లుంగీ కట్టుకుని ఫోన్ ఎత్తి పట్టుకున్న వాళ్ళ నాన్నే పెద్దగా కనిపిస్తున్నాడు, ఓడ అతని పొట్ట దగ్గర చిన్నగా ఉంది.

పలాస జీడిపప్పు | డిసెంబరు 9, రాత్రి 10:24

ఫోటో ఇక్కడ పెట్టండి మాస్టారూ.

నాగావళి మాస్టారు | డిసెంబరు 9, రాత్రి 10:31

అడిగాను. వద్దంది. సోషల్ నోటుబుక్కు అట్ట లోపల అంటించుకుందట.